వేటకు మొదటి కాంపౌండ్ బో ఏది కొనాలి? నెల్లూరు నుంచి ఒక సమాధానం

ప్రశ్నను కుదించి రాస్తున్నాను: "మాది కందుకూరు దగ్గర పల్లె. వయసు 26. ఆగస్టులో డాలస్‌లో ఉద్యోగంలో చేరుతున్నాను. అక్కడ మా టీములో ఒకాయన అక్టోబరులో విల్లుతో జింకల వేటకు వెళ్తాడట, నన్నూ రమ్మన్నాడు. ఇప్పుడే ఇక్కడ కాంపౌండ్ బో కొని ప్రాక్టీసు మొదలుపెడదామని ఉంది. నా ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. వీడియోల్లో అందరూ 70 పౌండ్లు, 340 స్పీడు అంటున్నారు. ఏది కొనాలి అన్నా? ఈలోపు మా వేరుశనగ చేలో పడే అడవి పందుల మీద ట్రై చెయ్యొచ్చా?"

అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత.

విల్లు డాలస్ వెళ్ళాక కొను. డ్రా లెంగ్త్ (నారిని పూర్తిగా లాగే దూరం) 27 అంగుళాల దగ్గర కుదిరేది, డ్రా వెయిట్ (లాగడానికి పట్టే బలం) 40 పౌండ్ల దగ్గర మొదలుపెట్టి 55, 60 దాకా పెంచుకోగలిగేది, యాక్సిల్ (విల్లు చివర ఉండే చక్రం ఇరుసు) నుంచి యాక్సిల్‌కు 30 నుంచి 33 అంగుళాలు ఉండేది తీసుకో. ఇక్కడున్న నెలల్లో దగ్గర్లోని ఆర్చరీ గ్రౌండులో వాళ్ళ విల్లుతోనే నేర్చుకో. పందుల జోలికి వెళ్ళొద్దు. ఈ అక్టోబరులో వేటకు కూడా వెళ్ళొద్దు, వచ్చే ఏడు వెళ్ళు.

నా సంగతి రెండు మాటల్లో. మాది ఆత్మకూరు. టెక్సాసులో ఎనిమిదేళ్లు ఉద్యోగం చేశాను. విల్లు పట్టడం అక్కడే నేర్చుకున్నాను, ఆరు సీజన్లు జింకల వేటకు వెళ్ళాను. ఇప్పుడు నెల్లూరులో ఉంటూ పొద్దున పూట పిల్లలకు కాంపౌండ్ నేర్పుతున్నాను. ఇక్కడికొచ్చాక నా బాణం అట్ట మీద తప్ప ప్రాణి మీద పడలేదు.

పందుల సంగతి ముందు తేల్చేద్దాం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. తుపాకీ అయినా, విల్లు అయినా, ఉచ్చు అయినా ఒకటే. చట్టం దృష్టిలో చంపడమే కాదు, పట్టడం, తరమడం, ఎర పెట్టడం, వీటిలో దేనికి ప్రయత్నించినా వేటే. 2022 సవరణ తర్వాత మామూలు కేసుకే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. కృష్ణజింక లాంటి మొదటి షెడ్యూల్ జంతువైతే మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా జైలు. పంటను పాడుచేసే పంది విషయంలో అటవీశాఖ అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇస్తే తప్ప రైతుకు సొంతంగా ఏ హక్కూ లేదు. వేరుశనగ పోతుంటే కడుపు మండుతుంది, మా నాన్న చేలో నేనూ చూశాను. అటవీశాఖ రేంజ్ ఆఫీసులో నష్టం రాసివ్వండి, రాత్రి కాపలా పెట్టుకోండి. కరెంటు తీగలు మాత్రం పెట్టొద్దు, వాటికి తగిలి మనుషులే పోతున్నారు.

చట్టం పక్కన పెట్టినా పంది కొత్తవాడి లక్ష్యం కాదు. దాని భుజం మీద గట్టి పొర ఉంటుంది. బాణం సగం దిగిన పంది చీకట్లో ఎటు తిరుగుతుందో చెప్పలేం. పక్క చేలో ఇంకొకరు కాపలా కాస్తుంటారు. నీకు పందిమీదే పట్టుదల ఉంటే టెక్సాసులో ఊరపందుల సంతతి అడవిలో పడి లెక్కలేనన్ని పెరిగాయి. ప్రైవేటు నేలలో, యజమాని ఒప్పుకుంటే, వాటికి సీజను లేదు, పరిమితి లేదు. 2019 సెప్టెంబరు నుంచి వాటికి వేట లైసెన్సు కూడా అవసరం లేదు.

ఇక విల్లు. కాంపౌండ్ బో మామూలు విల్లులా కాదు. 1966లో మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ విల్లు చివర్లకు కప్పీలు బిగించి పేటెంటుకు దరఖాస్తు చేశాడు, 1969లో పేటెంటు వచ్చింది. ఇప్పుడు ఆ కప్పీల చోట క్యాములు, అంటే పూర్తి గుండ్రంగా ఉండని చక్రాలు, ఉంటాయి. నారి లాగుతుంటే మొదట బరువు పెరుగుతుంది, చివరికొచ్చేసరికి క్యాము తిరిగి ఒక్కసారిగా తేలికవుతుంది. ఎద్దుబండి గట్టెక్కేదాకా బరువు, ఎక్కాక తేలిక, అలాగన్నమాట. దీన్నే లెట్-ఆఫ్ అంటారు. 55 పౌండ్ల విల్లుకు 80 శాతం లెట్-ఆఫ్ ఉంటే, పూర్తిగా లాగాక నీ చేతి మీద ఉండేది 11 పౌండ్లే. జింక తల తిప్పేదాకా అర నిమిషం ఆగగలిగేది అందువల్లే.

కానీ ఈ సౌకర్యానికి ఒక షరతు ఉంది. మామూలు విల్లును కొంచెం తక్కువ లాగినా ఎక్కువ లాగినా బాణం పోతుంది. కాంపౌండులో లాగుడు ఒకచోట గోడ తగిలినట్టు ఆగిపోతుంది. ఆ గోడ నీ శరీరానికి సరిపోయిన చోట లేకపోతే ఎంత ఖరీదైన విల్లైనా నీది కాదు. అందుకే మొదట చూడాల్సింది డ్రా లెంగ్త్, ఆ తర్వాతే మిగతావి.

కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు. గోడకు ఆనుకుని చేతులు రెండూ అడ్డంగా చాపు, బలవంతంగా సాగదీయకుండా. ఒక చేతి నడివేలి కొస నుంచి రెండో చేతి నడివేలి కొస దాకా ఎవరినైనా కొలవమను. వచ్చిన అంగుళాలను 2.5తో భాగించు. చాలామందికి చేతుల చాపు ఎత్తుకు దగ్గరగానే ఉంటుంది. నీకు 67 అంగుళాలు వస్తే 26.8, అంటే 27. ఇది మొదలుపెట్టడానికి అంచనా మాత్రమే. అసలు కొలత విల్లు లాగాక తేలుతుంది. నారి ముక్కు కొసకు తగలాలి, తల వెనక్కి వాలకూడదు, విల్లు పట్టిన చేతి మోచెయ్యి బిగదీసుకుపోకూడదు. అర అంగుళం ఎక్కువ ఉండటం కన్నా అర అంగుళం తక్కువ ఉండటమే నయం.

కిందటేడు కావలి నుంచి ఒక అబ్బాయిని వాళ్ళ నాన్న తీసుకొచ్చారు. ఆన్‌లైన్లో కొన్న విల్లు, 29.5 అంగుళాలకు బిగించి ఉంది. పిల్లవాడికి కావాల్సింది 27. ముంజేయి లోపలి వైపంతా నారి తగిలి కమిలిపోయింది, బాణాలు అడుగు వెడల్పున చెల్లాచెదురు. "వీడికి రాదేమో సార్" అన్నారు ఆయన. అదృష్టం కొద్దీ ఆ విల్లు క్యాము మీద మాడ్యూల్, అంటే డ్రా లెంగ్త్ మార్చే ముక్క, జరుపుకోవచ్చు. 27కు జరిపి, బరువు 35 పౌండ్లకు తగ్గించి ఇచ్చాను. పావుగంటలో చెయ్యి నొప్పి లేదన్నాడు, వారంలో బాణాలు ఒక చోటుకు చేరాయి. వాడిలో లోపమేమీ లేదు, కొలతదే లోపం.

దోర్నాల వైపు ఒక చెంచు పెద్దాయన నా విల్లు చేతిలోకి తీసుకుని, క్యాములు తిప్పి చూసి, "ఇది నీ చేతికి చేసిందేనా?" అని అడిగాడు. ధర అడగలేదు, ఎంత దూరం పోతుందని అడగలేదు. వెదురు విల్లు చేసుకునే మనిషికి మొదట తోచే ప్రశ్న అదే. అప్పటి నుంచి కొత్తవాళ్ళెవరు విల్లు కొనడానికి సలహా అడిగినా నేనూ ముందు ఇదే అడుగుతున్నాను.

ఇక డ్రా వెయిట్, అంటే పౌండ్లు. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తాను. మొదటి విల్లు కొన్నప్పుడు షాపువాడు 70 పౌండ్లు ఇచ్చాడు. ఏసీ గదిలో, నిలబడి, రెండుసార్లు లాగాను. బాగానే వచ్చింది. నవంబరులో, మూడు గంటలు చలిలో కదలకుండా కూర్చున్నాక, జింక వచ్చింది. కూర్చున్న చోట నుంచి నారి రాలేదు. విల్లు ఆకాశం వైపు ఎత్తి ఒంటి బలమంతా పెట్టి లాగాల్సి వచ్చింది. జింక ఆ కదలిక చూసి బిగుసుకుంది. దూరం 38 గజాలు. నేను ఆగాల్సింది, ఆగలేదు. నారి చప్పుడుకు జింక ఒళ్ళు కిందికి వంచింది, బాణం గుండె దగ్గర కాకుండా వీపు పైభాగంలో తగిలింది. రాత్రి రెండు దాకా టార్చి పట్టుకుని రక్తపు చుక్కల వెంట తిరిగాం. తెల్లవారి మళ్ళీ వెతికాం. దొరకలేదు. పన్నెండేళ్లవుతోంది, ఆ జింక నాకింకా గుర్తుంది. నీకు ఇంత పొడుగు రాయడానికి అదే కారణం.

అందుకే బరువుకు నేను పెట్టే పరీక్ష ఇది. కుర్చీలో కూర్చో. రెండు పాదాలూ నేల మీద నుంచి కొంచెం ఎత్తు. విల్లును లక్ష్యం వైపే నిటారుగా పట్టుకుని, పైకీ కిందికీ ఊపకుండా, నెమ్మదిగా లాగు. వచ్చిందా, అది నీ బరువు. రాలేదా, ఐదు పౌండ్లు తగ్గించు. లాగేటప్పుడు నీ ముఖంలో ఏ మార్పూ కనపడకూడదని మా పిల్లలకు చెప్తుంటాను.

తక్కువ బరువుతో జింక పడుతుందా అని నీకు అనుమానం రావచ్చు. లెక్క చూడు. 27 అంగుళాలు, 55 పౌండ్లు, 400 గ్రెయిన్ల (సుమారు 26 గ్రాముల) బాణం. సెకనుకు సుమారు 250 అడుగులు పోతుంది. దాని శక్తి 55 అడుగు-పౌండ్ల దగ్గర ఉంటుంది. జింక సైజు జంతువుకు 25 నుంచి 41 చాలని బాణాల కంపెనీల పట్టికలే చెప్తాయి. ప్రపంచస్థాయి పోటీల్లో కాంపౌండుకు 60 పౌండ్లకు మించి అనుమతే లేదు. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు కొట్టింది ఆ పరిమితికి లోబడే. మరి నీకు మొదటి విల్లే 70 ఎందుకు?

340 స్పీడు, అంటే సెకనుకు 340 అడుగులు, దాని గురించి. ఆ అంకె అబద్ధం కాదు, కానీ అది నీ అంకె కాదు. కంపెనీలు 70 పౌండ్లు, 30 అంగుళాల డ్రా, 350 గ్రెయిన్ల తేలిక బాణంతో కొలుస్తాయి. డ్రా లెంగ్త్ ఒక్క అంగుళం తగ్గితే సుమారు 10 అడుగుల వేగం పోతుంది. పౌండుకు రెండు అడుగులు, బాణం బరువు మూడు గ్రెయిన్లు పెరిగితే ఒక అడుగు పోతాయి. పెట్టె మీద 330 అని ఉన్న విల్లు నీ చేతిలో 250 దగ్గర నిలుస్తుంది. ఆ వేగంతో 20 గజాలు పోవడానికి పావు సెకను, 40 గజాలకు అర సెకను పడుతుంది. నారి చప్పుడు మాత్రం 20 గజాలు సెకనులో ఇరవయ్యో వంతులోనే చేరిపోతుంది. ధ్వనిని మించిన బాణం లేదు కాబట్టి చప్పుడు తక్కువున్న విల్లు, దగ్గర దూరం, ఈ రెండే జింక విషయంలో పనికొస్తాయి. వేగం కోసం చేసిన విల్లులకు బ్రేస్ హైట్, అంటే పట్టు నుంచి నారి దాకా ఉండే దూరం, 6 అంగుళాలో అంతకన్నా తక్కువో ఉంటుంది. చెయ్యి కొంచెం వణికినా బాణం పక్కకు పోతుంది. నీకు 6.5 నుంచి 7 అంగుళాలు ఉన్నది మంచిది.

పేర్లు కావాలంటే, కొత్తవాళ్ళ కోసం ఎక్కువ సర్దుబాటుతో చేసినవి ఉన్నాయి. డైమండ్ ఇన్ఫినిట్ ఎడ్జ్ ప్రో 5 నుంచి 70 పౌండ్లు, 13 నుంచి 31 అంగుళాల దాకా మార్చుకోవచ్చు. బేర్ క్రూజర్ జీ2 కూడా 5 నుంచి 70 పౌండ్లు, 12 నుంచి 30 అంగుళాలు. హోయట్, మ్యాథ్యూస్ వాళ్ళ పైశ్రేణి విల్లులు చాలా బాగుంటాయి, కానీ ఒక సీజను అయ్యాక నీ కొలత, నీ అలవాటు స్థిరపడ్డాక వాటి గురించి ఆలోచించు. అక్కడ సెకండ్ హ్యాండ్ కూడా బోలెడు దొరుకుతాయి. అది కొంటే లింబుల (విల్లులో వంగే రెండు చేతుల) మీద గోరుతో రాసి పగుళ్లు చూడు, దూదితో తుడిస్తే పోగులు చిక్కుకున్నా వదిలేయి. నారి, క్యాములను కలిపే కేబుళ్ళు రెండు మూడేళ్లు దాటినవైతే మార్పించే ఖర్చు కలుపుకో.

డాలస్‌లోనే కొనమనడానికి పెద్ద కారణం షాపు. అక్కడి ఆర్చరీ షాపుల్లో వెనకాలే రేంజి ఉంటుంది. మూడు నాలుగు విల్లులు వేసి చూడనిస్తారు, బో ప్రెస్ (విల్లును వంచి పట్టే యంత్రం) మీద పెట్టి నీకు తగ్గట్టు బిగిస్తారు, పీప్ (నారిలో ఉండే, గురి చూసే చిన్న రంధ్రం) నీ కంటి ఎత్తుకు కడతారు. మన దగ్గర ఆ ప్రెస్ ఉన్న చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇంట్లో స్క్రూలు విప్పి నారి మార్చబోయి చేతులు కోసుకున్నవాళ్ళను చూశాను. బాణం పెట్టకుండా నారి లాగి వదలొద్దు, ఒక్కసారి కూడా. బాణంలోకి పోవాల్సిన శక్తంతా లింబుల్లోకే తిరిగొచ్చి విల్లు ముక్కలవుతుంది. ఇంటికొచ్చిన చుట్టాలు "ఏదీ, ఒకసారి లాగి చూస్తాను" అంటారు. ఇవ్వొద్దు.

డబ్బులో కొంత బాణాలకు, రిలీజుకు ఉంచుకో. బాణం గట్టిదనాన్ని స్పైన్ అంటారు. అంకె తగ్గేకొద్దీ గట్టిదనం పెరుగుతుంది, 500 కన్నా 400 గట్టిది. నీ పొడవుకు, 50-55 పౌండ్లకు 400 దగ్గర కుదురుతుంది, షాపులో పట్టిక చూసి ఖాయం చేస్తారు. పౌండుకు 5 గ్రెయిన్ల కన్నా తేలిక బాణం విల్లుకే ప్రమాదం. వేటకు 7, 8 గ్రెయిన్లు ఉంటే చప్పుడూ తగ్గుతుంది, లోతుకూ దిగుతుంది. రిలీజ్ అంటే మణికట్టుకు కట్టుకుని నారిని పట్టి వదిలే పరికరం. మొదటిది మణికట్టు పట్టీ ఉన్నదే తీసుకో, చీకట్లో కింద పడిపోదు. సైట్‌లో (గురి చూసుకునే పరికరంలో) మూడు పిన్నులు చాలు.

ఒక సంగతి మర్చిపోయేవాణ్ణి, ఇది విల్లు కొనకముందే తేలాలి. నీ కన్ను ఏది? రెండు చేతులతో చిన్న కిటికీలా చేసి, దూరంగా ఉన్న తాటిచెట్టును అందులోంచి చూడు. ఒక కన్ను మూయి. చెట్టు అలాగే కనపడితే తెరిచి ఉన్న కన్నే నీ ప్రధాన కన్ను. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను ప్రధానమైనవాళ్ళు మా గ్రౌండులోనే ముగ్గురున్నారు. మొదటి విల్లు కొనేవాడైతే ఎడమ విల్లుతోనే నేర్చుకోవడం తేలిక. చెయ్యి అలవాటు పడుతుంది, కన్ను మారదు.

ఈ మూడు నెలలు ఇక్కడ ఏం చేయాలంటే, క్లబ్ విల్లు తీసుకుని 30, 35 పౌండ్లతో, పది అడుగుల దూరంలో, లక్ష్యం బొమ్మ లేకుండా వట్టి బస్తా మీద వెయ్యి. లాగడం, ఆగడం, వదలడం, అంతే. బస్తా అంటే గోనెసంచిలో పాత చీరలు, పాలిథిన్ కవర్లు కూరి కుట్టింది. దాన్ని సరుగుడు కర్రలకు కట్టి, వెనకాల మట్టికట్ట ఉండేలా పెట్టుకో. గడ్డివామిని నమ్మొద్దు, బాణం దాటి పోతుంది, పోయిన బాణం దొరకదు. సముద్రం గాలి మధ్యాహ్నానికి లేస్తుంది కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టు. రోజుకు 40 బాణాలు శ్రద్ధగా వేస్తే, 150 విసిరేసినదాని కన్నా మేలు.

ఎండ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రోహిణి కార్తెలో కారు తలుపులు వేసి విల్లు లోపల పెడితే లింబు పొరలు విడిపోతాయి, నారి సాగుతుంది. మా గ్రౌండులో ఒక విల్లు ఒక్క మధ్యాహ్నంలో అలా పోయింది. టెక్సాసు ఎండ కూడా మన నెల్లూరు ఎండకు తీసిపోదు. ఈ జాగ్రత్త అక్కడా పనికొస్తుంది.

చివరగా వేట. టెక్సాసులో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి. వెళ్ళగానే అది పూర్తిచెయ్యి. వేట బాణం మొన కనీసం అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతుల వెడల్పు, రెండు కోత అంచులతో ఉండాలి. నీ పౌండ్లకు కదలని బ్లేడ్లున్న మొన నయం. అది ప్రాక్టీసు మొనలా ఎగరదు, దానితో విడిగా వేసి సైట్ సరిచూసుకో. చెట్టు మీద మంచె ఎక్కితే నేల విడిచినప్పటి నుంచి మళ్ళీ దిగేదాకా ఒంటికి హార్నెస్ (పడిపోకుండా చెట్టుకు కట్టుకునే పట్టీలు) ఉండాల్సిందే.

ఎంత దూరం నుంచి వేయొచ్చన్నది నీ విల్లు చెప్పదు, 8 అంగుళాల టిఫిను ప్లేటు చెప్తుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు అంతే. పొద్దున లేచి, వార్మప్ లేకుండా, మొదటి బాణం ఆ ప్లేటులో పడాలి. వరసగా పది రోజులు పడిన దూరమే నీ దూరం. మొదటి ఏడాది అది 20 గజాలు దాటదు, దాటనవసరం లేదు. జింక పక్కకు తిరిగి గానీ, కొంచెం అవతలికి తిరిగి గానీ ఉంటేనే వెయ్యి. ఎదురుగా చూస్తుంటే వేయొద్దు. తగిలాక అరగంట కదలకు. బాణం మీద నురుగుతో లేత ఎరుపు ఉంటే ఊపిరితిత్తులు, దగ్గర్లోనే పడి ఉంటుంది. పచ్చటి పసరు, వాసన ఉంటే కడుపు. అప్పుడు ఆరు గంటలకు పైగా ఆగి వెతకాలి, తొందరపడి తరిమితే అది మైళ్ళు పోతుంది.

ఇదంతా ఆగస్టు నుంచి అక్టోబరు లోపల ఒంటికి పట్టదు. ఈ ఏడు మీ టీము ఆయనతో వట్టి చేతులతో వెళ్ళి పక్కన కూర్చో. గాలి ఎటుందో ఆయన ఎలా చూస్తాడో, ఎన్ని జింకల మీద బాణం వేయకుండా వదిలేస్తాడో గమనించు.

చేతుల చాపు అంగుళాల్లో, ప్రధాన కన్ను ఏదో, కుర్చీలో కూర్చుని క్లబ్ విల్లు ఎన్ని పౌండ్ల దాకా లాగగలుగుతున్నావో కింద రాయి. బాణం ఎంత పొడవు కోయించాలో అప్పుడు చెప్తాను.